సొంతంగా కట్టిన సెవెన్ టైపు కారు: హ్యాండ్ బ్రేక్ లివర్ పైకంటా వచ్చేస్తోంది, కారు మాత్రం ఆగట్లేదు

కోవెంట్రీ_కుర్రోడు:

అందరికీ నమస్కారం అండి. మాది అమలాపురం, ఇప్పుడు ఇంగ్లండ్‌లో కోవెంట్రీ దగ్గర ఉంటున్నాను. ఇంటి గరాజ్‌లో లోటస్ సెవెన్ టైపు కారు (తేలికపాటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు) ఒకటి కట్టుకుంటున్నాను, చాసీ స్క్వేర్ ట్యూబులు కోసి నేనే వెల్డింగ్ చేసుకున్నా, ఇంజిన్, గేర్ బాక్సు, డిఫరెన్షియల్, వెనక కాలిపర్లు (డిస్కుని ప్యాడ్లతో నొక్కి పట్టే బ్రేకులు) మొత్తం ఒక పాత మాజ్దా ఎంఎక్స్-5 మొదటి మోడల్ 1.6 బండివి. కారు నడుస్తోంది, ఫుట్ బ్రేక్ అయితే భేషుగ్గా ఉంది, గొడవంతా హ్యాండ్ బ్రేక్‌తోనే.

సంగతి ఏంటంటే ఎంఎక్స్-5 ఒరిజినల్ లివర్ నా టన్నెల్‌లో (సీట్ల మధ్య నుంచి పోయే గూడు) పట్టలేదు, టన్నెల్ చాలా సన్నం. అందుకని తుక్కు యార్డులో ఒక చిన్న హ్యాచ్‌బ్యాక్ లివర్ దొరికితే అది పెట్టాను (ఆ బండికి వెనక డ్రమ్ములు). కేబుల్స్ కొలత ఇచ్చి చేయించాను, లివర్ నుంచి ఒక పొట్టి రాడ్డు, దాని చివర ఈక్వలైజర్ (లాగుడుని రెండు పక్కలకీ సమానంగా పంచే అడ్డ ముక్క), అక్కణ్ణుంచి రెండు కేబుల్స్ చెరో చక్రానికీ. కేబుల్ ఔటర్ (బయటి గొట్టం) ఆగడానికి టన్నెల్‌లో అడ్డ ట్యూబుకి 2 ఎం.ఎం. రేకు బ్రాకెట్ వెల్డ్ చేశాను. లివర్ లాగితే చివరి క్లిక్కు దాకా వచ్చేస్తోంది, అయినా మా ఇంటి ముందు వాలు మీద కారు మెల్లిగా జారుతోంది, రెండు చేతులతో వేలాడితే అప్పుడు కాస్త పట్టుకుంటుంది. జాకీ మీద లేపి చూస్తే ఎడమ చక్రం బిగుస్తోంది, కుడిది చేత్తో తిప్పితే తిరిగిపోతోంది. అడ్జస్టర్ మర అయిపోయే దాకా బిగించేశాను ఇంక జాగా లేదు.

ఇప్పుడు ఐవీఏ టెస్టుకి (ఇలా కట్టిన కారు రోడ్డెక్కాలంటే ఇక్కడ పాస్ అవ్వాల్సిన టెస్టు) డేట్ బుక్ చేసుకోవాలి. నా ముందు ఉన్నవి: ఒకటి ర్యాలీ కార్లలో పెట్టే హైడ్రాలిక్ హ్యాండ్ బ్రేక్ కొనేయడం, రెండు లివర్‌కి పైపు వెల్డ్ చేసి పొడుగు పెంచడం, మూడు వెనక డిస్కుకి విడిగా ఇంకో చిన్న మెకానికల్ కాలిపర్ పెట్టడం. దేంట్లో డబ్బులు పోయమంటారు?

ఆటోనగర్_బాబాయ్:

డబ్బులు ఎందులోనూ పోయొద్దు బాబూ, ముందు కింద పడుకో.

నాది బెజవాడ ఆటోనగర్, కాలిపర్ల బళ్ళు మా షెడ్డుకి వచ్చింది ఈమధ్యే గానీ హ్యాండ్ బ్రేక్ వైరు అనేది అంబాసిడర్‌కైనా మారుతీ 800కైనా మీ స్పోర్ట్స్ కారుకైనా ఒకటే. లోపలి వైరు ఎంత లాగుతుందో బయటి గొట్టం అంతే వెనక్కి తంతుంది, సైకిల్ బ్రేకు చూళ్ళేదా, గొట్టం ఆన్చే చోటు లూజుగా ఉంటే నువ్వు పిడి ఎంత నొక్కినా గొట్టం వంగుద్ది తప్ప బ్రేకు పట్టదు. నువ్వు 2 ఎం.ఎం. రేకు అన్నావు, నాకు అక్కడే డౌటు వచ్చింది. అది ఎల్ ఆకారంలో వంచి ఒక పక్కనే వెల్డ్ కొట్టుంటావు, అవునా?

ఇంట్లో ఎవర్నైనా సీట్లో కూర్చోబెట్టి లివర్ లాగి వదలమను, మళ్ళీ లాగమను. నువ్వు లైటు పట్టుకుని కింద నుంచి చూడు. వైరు కదలాలి, కాలిపర్ మీద ఉండే చేయి (వైరు లాగే చిన్న లివర్) కదలాలి. ఇవి రెండూ తప్ప ఇంకేది కదిలినా అదే నీ దొంగ. బ్రాకెట్టు ఊగడం కావచ్చు, గొట్టం విల్లులాగా సాగి లేవడం కావచ్చు, లివర్ బిగించిన టన్నెల్ రేకే పైకి ఉబ్బడం కూడా చూశాన్నేను. వైరు మీద మార్కర్‌తో గీత గీసి లివర్ దగ్గర ఎంత కదిలింది, కాలిపర్ దగ్గర ఎంత కదిలింది అని స్కేలు పెట్టి కొలువు. అక్కడ 30 కదిలి ఇక్కడ 15 కదిలితే మిగతా 15 ఎవరు తిన్నారో వెతుక్కో, అంతే పని.

ఇంకోటి, హ్యాండ్ బ్రేక్ మటుకు డ్రమ్ముని మించింది లేదయ్యా. డ్రమ్ము లోపల ముందు లైనరు చక్రం తిరిగే వైపుకి తనంతట తానే ఇంకా గట్టిగా అతుక్కుంటుంది, డిస్కుకి ఆ సుఖం లేదు, నువ్వు ఎంత నొక్కితే అంతే.

బ్రేకుల_ఇంజినీర్:

బాబాయ్ గారు చెప్పింది నూటికి నూరు పాళ్ళు కరెక్ట్. నేను పుణెలో బ్రేకుల డిజైన్‌లోనే పని చేస్తాను, లెక్క వేసి చూపిస్తే మీకు నమ్మకం కుదురుతుంది.

మీ కారు, డ్రైవర్ కలిపి 680 కేజీలు అనుకుందాం, సెవెన్ టైపుకి అది ఎక్కువే. బ్రిటన్‌లో పార్కింగ్ బ్రేక్‌కి అడిగేది 16 శాతం, అంటే బరువులో 16 శాతం బలం టైరు దగ్గర రావాలి, సుమారు 109 కేజీలు. టైరు వ్యాసార్ధం 28 సెం.మీ., ఎంఎక్స్-5 1.6 వెనక డిస్కు 231 ఎం.ఎం. కాబట్టి ప్యాడ్ పట్టే చోటు సెంటర్ నుంచి దాదాపు 9.5 సెం.మీ. అంటే డిస్కుల దగ్గర 109 ని 28 తో గుణించి 9.5 తో భాగిస్తే 321 కేజీలు, చెరో డిస్కుకి 160. ప్యాడ్ రాపిడి 0.38 వేసుకుని రెండు వైపులా పట్టుకుంటుంది కాబట్టి 0.76 తో భాగిస్తే ఒక్కో కాలిపర్ నొక్కాల్సింది 210 కేజీల చిల్లర.

ఇప్పుడు చేతి వైపు నుంచి రండి. మీరు 25 కేజీల బలంతో లాగారు, లివర్ రేషియో (చేతి బలాన్ని లివర్ ఎన్ని రెట్లు చేస్తుందో అది) 6.5 అనుకుంటే 162, ఈక్వలైజర్ దగ్గర సగం సగం అయితే 81, కేబుల్ రాపిడికి పావు వంతు పోయినా కాలిపర్ చేతికి 60 కేజీలు అందుతాయి. అంటే కాలిపర్ లోపల మెకానిజం 3.5 రెట్లు చేస్తే చాలు, నిజానికి అది అంతకంటే చాలా ఎక్కువే చేస్తుంది. 25 కేజీలంటే పెద్ద బలమేం కాదు, యూరప్ రూల్స్‌లో కారు హ్యాండ్ బ్రేక్‌కి చేతి బలం 400 న్యూటన్లు దాటకూడదు అని ఉంది, అంటే 40 కేజీల లోపు. కాబట్టి మీ దగ్గర బలం కొరత లేదు, దండిగా ఉంది. కొరత ట్రావెల్‌ది, అంటే కేబుల్ కదిలే దూరానిది. లివర్‌కి పైపు వెల్డ్ చేస్తే బలం పెరుగుతుంది గానీ కేబుల్ ఒక్క మిల్లీమీటరు కూడా ఎక్కువ రాదు, పైగా ఆ బ్రాకెట్‌ని ఇంకా గట్టిగా వంచుతారు.

అసలు చూడాల్సింది ఆ లివర్‌నే. లివర్ తిరిగే పివట్ నుంచి కేబుల్ పట్టుకునే పిన్ను దాకా ఎంత దూరం ఉందో కొలవండి. అది 40 ఎం.ఎం. ఉండి లివర్ 50 డిగ్రీలు తిరిగితే కేబుల్ 35 ఎం.ఎం. వస్తుంది. అదే 28 ఎం.ఎం. ఉంటే 24 దగ్గరే ఆగిపోతుంది. ఏ కంపెనీ అయినా లివర్‌ని, వెనక బ్రేకుని జంటగా డిజైన్ చేస్తుంది, ఒక బండి లివర్ తెచ్చి ఇంకో బండి కాలిపర్‌కి కట్టినప్పుడు బోల్టులు కుదిరితే సరిపోదు, ఈ లెక్క కూడా కుదరాలి.

కేబుల్ వంపులు కూడా లెక్కపెట్టండి. రెండు 90 డిగ్రీల వంపులు ఉంటే మొత్తం 180, రాపిడి 0.1 ఉన్న మంచి కేబుల్‌లో కూడా అవతలికి 73 శాతమే చేరుతుంది. 360 అయితే సగం మీద ఒక పిసరు. హోమ్ బిల్డ్ కార్లలో చోటు లేక కేబుల్‌ని చుట్టచుట్టి తెస్తారు, అక్కడ చచ్చిపోతుంది.

హైడ్రాలిక్ మాట మర్చిపోండి. అది ర్యాలీలో వెనక చక్రాలు ఒక్క క్షణం లాక్ చేసి కారు తిప్పడానికి, పార్కింగ్‌కి కాదు. ఆయిల్ ప్రెషర్ సీలు దగ్గర మెల్లిగా దిగిపోతుంది, రాత్రి వదిలేసిన కారు పొద్దున అక్కడే ఉంటుందని గ్యారంటీ లేదు. అందుకే రూల్ కూడా వేసిన బ్రేక్‌ని పూర్తిగా మెకానికల్‌గానే పట్టి ఉంచాలి అంటుంది. విడి మెకానికల్ కాలిపర్ చెడ్డ ఐడియా కాదు, కానీ ఉన్న కాలిపర్‌లో మంచి మెకానిజం పెట్టుకుని దాని పక్కన ఇంకోటి మోయడం నాకైతే నచ్చదు, చక్రం దగ్గర బరువు పెరుగుతుంది కూడా.

ఓరుగల్లు_గరాజ్:

మధ్యల వచ్చి అడుగుతున్న ఏమనుకోకుండ్రి, అన్నా ఇట్ల సొంతంగ కట్టుకున్న కారుకి మన దగ్గర రిజిస్ట్రేషన్ అయితదా? నా దగ్గర మారుతీ ఇంజిన్ ఒకటి ఖాళీగ పడి ఉంది, చూస్తుంటె చేతులు గుంజుతున్నయ్

బ్రేకుల_ఇంజినీర్:

రోడ్డు మీదకి కష్టం తమ్ముడూ. మన దగ్గర సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌లో రూల్ 126 కింద కొత్త మోడల్ ఏదైనా ప్రోటోటైప్ టెస్టుకి ఏఆర్ఏఐ లాంటి బళ్ళు టెస్టు చేసే ఏజెన్సీకి ఇవ్వాలి, అది తయారీ కంపెనీల కోసం పెట్టిన దారి, ఒక్క కారు కట్టుకునేవాడికి గిట్టదు. బ్రిటన్‌లో ఒక్క బండికైనా విడిగా టెస్టు చేసి పాస్ చేసే పద్ధతి ఉంది, ఐవీఏ అంటే అదే. నువ్వు పొలంలోనో ట్రాక్ మీదో తిప్పుకునేలా కట్టుకో, హ్యాండ్ బ్రేక్ మాత్రం మానకు.

లీడ్స్_లోకాస్ట్:

బ్రదర్ నేనూ ఇదే ఎంఎక్స్-5 వెనక సెటప్‌తో కట్టి ఐవీఏ పాస్ అయ్యాను. పైవాళ్ళు ట్రావెల్ సంగతి చెప్పేశారు కాబట్టి నేను కాలిపర్ సంగతి చెప్తాను. నువ్వు అడ్జస్టర్ మర అయిపోయే దాకా బిగించాను అన్నావు చూడు, అక్కడే అసలు తిరకాసు. కేబుల్ అడ్జస్టర్ ఉన్నది కాలిపర్ అరుగుదల సర్దడానికి కాదు. ముందు కేబుల్ మొత్తం లూజు చేసెయ్, రెండు వైపులా కాలిపర్ మీద చేయి పూర్తిగా వెనక్కి వెళ్ళి స్టాపుకి ఆనాలి, వేలితో నెట్టి చూడు. ఆ తర్వాత కాలిపర్ వెనక ఒక బోల్టు మూతలా ఉంటుంది, అది విప్పితే లోపల 4 ఎం.ఎం. అలెన్ కీ పట్టే అడ్జస్టర్ కనపడుతుంది. దాన్ని క్లాక్‌వైజ్ తిప్పుతూ పో, ప్యాడ్లు డిస్కుని తాకి చక్రం బిగుసుకుంటుంది, అక్కణ్ణుంచి మూడో వంతు చుట్టు వెనక్కి. రెండో పక్క కూడా అంతే. చక్రం చేత్తో తిప్పితే స్వేచ్ఛగా తిరగాలి, మహా అయితే సన్నగా రాసుకునే చప్పుడు వస్తే పర్లేదు. ఇదంతా అయ్యాకే కేబుల్‌లో లూజు తియ్యాలి, అదీ కాలిపర్ చేయి స్టాపు నుంచి లేవకుండా. ఒరిజినల్ బండిలో 5 నుంచి 7 క్లిక్కుల్లో పట్టాలి, నీదీ ఆ చుట్టుపక్కల వస్తే చాలు. మూత బోల్టు మళ్ళీ పెట్టడం మర్చిపోకు, లోపలికి నీళ్ళు పోతే తుప్పు పట్టి అడ్జస్టర్ జామ్ అవుతుంది.

(ఫోర్డ్ సియెర్రా వెనక కాలిపర్లు వాడేవాళ్ళు ఎవరైనా చదువుతుంటే: వాటిలో అడ్జస్ట్‌మెంట్ ఆటోమేటిక్, కానీ కేబుల్ బిగుతుగా ఉండి చేయి స్టాపుకి రాకపోతే ఆ ఆటోమేటిక్ పనే చెయ్యదు. అక్కడ కూడా కేబుల్ లూజు ముందు, బిగింపు తర్వాత.)

కాలిపర్లు ఎడమది ఎడమకే ఉందా చూసుకో. అప్‌రైట్ (చక్రం హబ్బుని, కాలిపర్‌ని పట్టి ఉంచే భాగం) మనమే చేసుకున్నప్పుడు కొంతమంది కాలిపర్‌ని డిస్కు వెనక నుంచి ముందుకి మారుస్తారు, అప్పుడు రెండు పక్కలవీ అటుదిటు మార్చకపోతే బ్రేక్ ఆయిల్‌లో గాలి తీసే బ్లీడ్ నిపుల్ కిందకి పోతుంది, గాలి ఎప్పటికీ బయటకి రాదు. మారిస్తే హ్యాండ్ బ్రేక్ చేయి ఇంకో దిక్కుకి తిరిగి కేబుల్ వచ్చే దారి మారిపోతుంది.

అలాగే వెనక చక్రాలు వేలాడేసి ఒకసారి, కారు నేల మీద పెట్టి ఒకసారి, గుంటలో పడ్డట్టు సస్పెన్షన్ పూర్తిగా నొక్కి ఒకసారి చెక్ చెయ్. ఔటర్ ఒక చివర చాసీకి ఇంకో చివర కాలిపర్ బ్రాకెట్‌కి ఆని మధ్యలో తేలికైన వంపుతో ఉంటే ఏ ఇబ్బందీ ఉండదు. ఔటర్‌ని చాసీ దగ్గరే ఆపేసి అక్కణ్ణుంచి చక్రం దాకా ఉత్త వైరు లాగారనుకో, ప్రతి గుంటకీ బ్రేకు దానంతట అదే పడుతుంది, మలుపులో వెనక చక్రం లాక్ అయితే ఇక దేవుడే దిక్కు. నాకు తెలిసిన ఒక కారు అలాగే ఉండేది, ఓనర్‌కి మాత్రం డిఫరెన్షియల్ పాడైందని అనుమానం.

ఆటోనగర్_బాబాయ్:

లీడ్స్ అబ్బాయి బాగా చెప్పాడు. ఈక్వలైజర్ గురించి ఎవరూ అనలా. కుడి చక్రం తిరుగుతుందంటే ఈక్వలైజర్ అటూ ఇటూ ఊగట్లేదని అర్థం, ఏదో ఒక దానికి తగులుతుంది, లేదా బోల్టు గట్టిగా బిగించేశావు. అది త్రాసు కాడలా ఊగాలి, బోల్టుకి నైలాక్ నట్టు వేసి ఒక పిసరు వదులుగా ఉంచు.

కోవెంట్రీ_కుర్రోడు:

అందరికీ వందనాలు. శనివారం మా ఆవిడ్ని సీట్లో కూర్చోబెట్టి నేను కింద దూరాను. ("ఇంకెన్నిసార్లు లాగాలి, చెయ్యి పడిపోతోంది" అని తిట్లు కూడా పడ్డాయి, అది వేరే సంగతి.) బాబాయ్ గారూ మీరు అక్కడ కూర్చునే చూసేశారు, బ్రాకెట్ ఎల్ ఆకారమే, ఒక పక్కనే వెల్డ్. లివర్ లాగినప్పుడల్లా దాని పై అంచు ముందుకి వాలుతోంది, స్కేలు పెడితే 6 ఎం.ఎం. వచ్చింది. వదిలితే మళ్ళీ నిటారుగా నిలబడుతోంది కాబట్టి ఆగి ఉన్నప్పుడు ఎంత చూసినా ఏమీ తెలియదు.

ఈక్వలైజర్ ఒక చెవి ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద పెట్టిన సేఫ్టీ పట్టీకి తగిలి ఆగిపోతోంది, అందుకే కుడి పక్కకి బలం వెళ్ళట్లేదు. కుడి కాలిపర్ చేయి స్టాపుకి రావట్లేదు, నా అడ్జస్టర్ బిగింపు అంతా దానికే పోయింది. ఇంజినీర్ గారు అడిగిన కొలత 29 ఎం.ఎం. అండి.

అందుకని ఆ లివర్ తీసి పక్కన పెట్టేశాను. ఎంఎక్స్-5 లివరే మళ్ళీ తీసి, కింద ప్లేటు చెవులు కోసి, టన్నెల్ లోపల కాకుండా పక్క గోడకి ప్యాసింజర్ వైపు బిగించాను, లోపల 3 ఎం.ఎం. ప్లేటు పరిచి టన్నెల్ ట్యూబులకి వెల్డ్ చేశాను, ఉత్త రేకుకి కాదు. బ్రాకెట్‌కి రెండు పక్కలా మూల బిళ్ళలు కొట్టి డబ్బాలా మూసేశాను, పట్టీని 15 ఎం.ఎం. వెనక్కి జరిపాను. తర్వాత లీడ్స్ బ్రదర్ చెప్పిన వరసలోనే కాలిపర్లు, ఆఖర్న కేబుల్. ఇప్పుడు ఆరో క్లిక్కుకి రెండు చక్రాలూ బిగుస్తున్నాయి, వాలు మీద ఒక చేత్తో లాగితే నిలబడింది.

ఒక చిన్న అనుమానం. ఒక రౌండు కొట్టి వచ్చి అదే వాలు మీద పెట్టి చాయ్ తాగొచ్చి చూస్తే కారు ఉంది గానీ లివర్ ఇంకో క్లిక్కు తేలిగ్గా పైకి వచ్చింది. కేబుల్ సాగుతోందా?

బ్రేకుల_ఇంజినీర్:

కొత్త కేబుల్ మొదట్లో కాస్త కూర్చుంటుంది, అది కొంత. మిగతాది వేడి. డ్రైవ్ చేసి వచ్చినప్పుడు డిస్కు, ప్యాడ్లు వేడెక్కి ఉబ్బి ఉంటాయి, చల్లారాక సన్నబడతాయి, పట్టు తగ్గుతుంది. డిస్కు బ్రేకుల బళ్ళు పార్క్ చేసిన అరగంటకి జారిపోయిన కేసులు ఇలాంటివే. అందుకని వేడి మీద ఆగేంత కాకుండా ఒక క్లిక్కు ఎక్కువే లాగండి, వాలు మీద ఫస్ట్ గేర్ కూడా వేసి వదలండి. టెస్టుకి వెళ్ళే ముందు చల్లగా ఉన్నప్పుడు క్లిక్కులు మళ్ళీ లెక్కపెట్టుకోండి.

ప్యాడ్లు కొత్తవైతే హ్యాండ్ బ్రేక్ కోసం కూడా అరగాలి. ఖాళీ రోడ్డు చూసుకుని తక్కువ స్పీడులో లివర్ బటన్ నొక్కి పట్టుకుని సన్నగా లాగుతూ కొంచెం దూరం పోనివ్వండి, చల్లారనిచ్చి ఇంకోసారి. బటన్ మీద నుంచి బొటనవేలు తియ్యకండి, లాక్ అయిపోతే చిన్న కారు గిర్రున తిరుగుతుంది.

లీడ్స్_లోకాస్ట్:

లివర్ ప్యాసింజర్ వైపు గోడకి అన్నావు కాబట్టి బెల్టు బిగించుకుని కూర్చుని ఒకసారి లాగి చూసుకో, సీటు వెనక్కి ఉన్నప్పుడు కూడా. బెల్టు పెట్టుకుంటే భుజం వంగదు, ఊరికే కూర్చుంటే అందేది అప్పుడు అందకపోవచ్చు. ఆ కోసిన చెవుల అంచులు కూడా ఫైలు పెట్టి గుండ్రంగా చెయ్, వేలితో తడిమితే గుచ్చుకునేది ఏదీ ఉండకూడదు, టెస్టులో అలాంటి అంచులు చాలా చూస్తారు.

ఓరుగల్లు_గరాజ్:

పాత మోర్గన్ కార్లల్ల ఫ్లై-ఆఫ్ హ్యాండ్ బ్రేక్ అని ఉంటదట గద, బటన్ ఒత్తితేనె లాక్ అయితది, ఊకె గుంజి వదిల్తె వాపస్ పోతదట. అది పెట్టరాదె అన్నా మస్తుగుంటది

కోవెంట్రీ_కుర్రోడు:

మస్తుగానే ఉంటుంది తమ్ముడూ, కానీ మా ఆవిడ కూడా నడుపుతుంది ఈ కారు, అలవాటు ప్రకారం లాగి దిగిపోయిందంటే కారు పక్కింటాయన గోడ లోపల ఉంటుంది. వద్దులే.

బాబాయ్ గారూ ఆఖరి ప్రశ్న, కేబుల్ లోపల గ్రీజు పెట్టాలా? చేసిచ్చిన వాళ్ళు ఏమీ చెప్పలేదు.

ఆటోనగర్_బాబాయ్:

లోపల ప్లాస్టిక్ గొట్టం ఉన్న కేబుల్ అయితే గ్రీజు అక్కర్లేదు, పెడితే దుమ్ము పట్టి ముద్దవుద్ది. పాత రకం ఉత్త ఇనప చుట్ట అయితే పెట్టు. ఈక్వలైజర్ బోల్టుకి, కాలిపర్ దగ్గర పిన్నుకి కాస్త రాయి, ప్యాడ్ల దగ్గరకి మాత్రం పోనీకు. మీ ఊళ్ళో చలికాలం రోడ్డు మీద ఉప్పు చల్లుతారంటగా, చక్రం వైపు చివర రబ్బరు బూటు ఉందో లేదో చూసుకో, లేకపోతే రెండో చలికాలానికే వైరు లోపల బిగుసుకుపోద్ది.